చేదు తగ్గిన కషాయం

"నేను మోసం చేయలేదండీ. కావాలంటే మా ల్యాబుకొచ్చి చూడండి," అంటూనే ఆ అమ్మాయి కుర్చీలో కూలబడింది.

డిటెక్టివ్ మేడమ్ మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపారు. అసిస్టెంటుకు ఆవిడంటే వల్లమాలిన అభిమానం. ఎవరు ఏడుస్తూ వచ్చినా మేడమ్ చేతిలో పడితే గట్టెక్కినట్టేనని అతని నమ్మకం.

ఆ అమ్మాయి ఒక అడవి మొక్క ఆకుల సారాన్ని క్యాన్సర్ కణాల మీద పరీక్షిస్తోంది. గాజు పళ్ళెంలో పెంచిన కణాల మీద నీళ్ళలో కాచిన కషాయం వేస్తే మొదట్లో చాలావరకు చచ్చిపోయేవి. రోజురోజుకీ ఆ ప్రభావం తగ్గి, ఇప్పుడు అవి నిక్షేపంగా పెరుగుతున్నాయి. మొదటి ఫలితాలన్నీ కట్టుకథలేనని పక్క బల్ల సహోద్యోగి టాంటాం వేశాడు. అవి నిజమేనని తేలకపోతే ఆమెకు ఉద్యోగమూ పరువూ రెండూ దక్కవు.

ల్యాబు ఫ్రిజ్‌లో రెండు సీసాలున్నాయి. స్పిరిట్‌లో తీసిన సారం ఒకటి, కషాయం ఒకటి.

"స్పిరిట్‌ది బలమైనదండీ, ఇప్పటికీ పనిచేస్తోంది. కాకపోతే తాగితే ప్రాణం పోతుంది," అంది ఆ అమ్మాయి.

మేడమ్ కషాయం సీసా మూత తీసి వాసన చూసి, అసిస్టెంటు ముక్కు దగ్గర పెట్టారు. టీ డికాషన్! సహోద్యోగి పనేనని అతను అప్పుడే ఖాయం చేసుకున్నాడు.

"నాకేం పనండీ?" సహోద్యోగి గయ్యిమన్నాడు. "నా తంటాలు నాకున్నాయి. దానికి తోడు డైరెక్టరు గారు ఈమధ్య పొద్దున్నే వచ్చి నెత్తినెక్కుతున్నారు. ఇదివరకైతే వాళ్ళక్కగారిని ఆసుపత్రికి తిప్పుతూ సగం సెలవుల్లోనే ఉండేవారు."

డైరెక్టరు గారు నలిగిన చొక్కాతో వచ్చారు. "పళ్ళెంలో చచ్చినంత మాత్రాన ఒంట్లో చస్తాయనుకోవద్దని వీళ్ళకి నెత్తీ నోరూ కొట్టుకుని చెప్తుంటాను," అన్నారు. వెళ్ళబోతూ ఆగి, "కొత్త ఆకు ఎప్పుడొస్తుందమ్మా?" అని ఆ అమ్మాయిని అడిగారు.

"వానలు పడాలి సార్."

ఆ సాయంత్రం మేడమ్ అందరినీ ల్యాబులో కూర్చోబెట్టారు.

"దొంగైతే సీసాతో సహా ఎత్తుకుపోతాడు. పోటీదారైతే బలమైనది పట్టుకుపోతాడు. ఈ మనిషి స్పిరిట్ సీసా జోలికే పోలేదు. రోజూ కొంచెం కషాయం తీసుకుని, వెలితి తెలియకుండా డికాషన్ పోశాడు. అందుకే బలం ఒక్కసారిగా పోలేదు, మెల్లగా తగ్గింది. రోజూ కొంచెం కొంచెం తీసేది దేనికి? మందుగా తాగించడానికి. మిగతా వాళ్ళంతా ఫలితాల గురించి కొట్టుకుంటుంటే కొత్త ఆకు కోసం ఎదురుచూసింది ఒక్కరే." ఆవిడ గొంతు తగ్గింది. "సార్, మీ అక్కగారిని ఆసుపత్రికి తీసుకెళ్ళడం ఎందుకు మానేశారు?"

డైరెక్టరు గారు బుకాయించలేదు. "అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కేనండీ. ఆసుపత్రి మందులకి తిండి సయించక, ఇంక నావల్ల కాదురా అంది. ఇన్నేళ్ళుగా ఇదే పనిలో ఉన్నావు కదా, నాకు పనికొచ్చేది ఒక్కటీ లేదా అని అడిగింది. లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు."

"కానీ సార్, మీరు పోసిన డికాషన్‌లోంచే కదా మర్నాడు మళ్ళీ తీశారు?" అన్నారు మేడమ్.

ఆయన ముఖం పాలిపోయింది. అంతటి శాస్త్రవేత్తకు అక్క విషయంలో ఆ చిన్న సంగతి తట్టనేలేదు. తను అనుమానించాల్సింది ఎవరినో ఇప్పుడు తెలిసినా, అసిస్టెంటుకు గెలిచినట్టు లేదు. ఇది సహోద్యోగి పనే అయితే ఎంత బాగుండేదోనని బాధపడ్డాడు.

"నీకు అన్యాయం చేశానమ్మా. రేపు అందరికీ నేనే చెప్తాను," అన్నారు డైరెక్టరు గారు. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుని, "అది తర్వాత సార్. ముందు అక్కగారికి ఫోన్ చేయండి," అంది.

ఆయన ఫోన్ కలిపారు. అవతలి గొంతు అందరికీ వినిపించింది.

"ఏరా, ఇవాళ్టిది తాగేశాలే. ఈమధ్య అసలు చేదే తెలియట్లేదురా. జబ్బు తగ్గుముఖం పట్టినట్టేగా?"

"తయారవక్కా. ఆసుపత్రికి వెళ్దాం."

"మళ్ళీ అక్కడికెందుకురా, నీ మందు పనిచేస్తుంటే?"

మేడమ్ కిటికీ వైపు తిరిగారు.

"అది మందు కాదక్కా," అన్నారు డైరెక్టరు గారు చివరికి.