మరలు చుట్టిన చీటీ

మధ్యాహ్నం నాలుగో అంతస్తు నుంచి జారిన లిఫ్టు రెండో అంతస్తు దగ్గర ఆగింది. లోపలున్న టీచరమ్మ కాలు విరిగింది. మర్నాడు పొద్దున్నే లిఫ్టు మెకానిక్ డిటెక్టివ్ గదిలో కూర్చుని చేతిలోని కాగితపు పొట్లాన్ని నలుపుతున్నాడు. లోపల మరలు గలగలమంటున్నాయి.

“సోమవారమే ‘నడపరాదు’ అని ఎక్కించానమ్మా. ఇప్పుడు కంప్యూటర్లో ‘నడపవచ్చు’ అని ఉంది. చివరిగా మార్చింది నేనేనట! ఉద్యోగం సరే, జైలుకు పంపుతామంటున్నారు.”

“నిన్న ఆ పేజీ ముట్టుకున్నారా?”

“పదకొండింటికి. భవనం ఫోన్ నంబరు తప్పుంది, దిద్దమని మా కంపెనీ మేనేజరుగారే చెప్పారు. దిద్ది సేవ్ కొట్టాను. పైన ఏముందో చూడలేదు.”

డిటెక్టివ్ మేనల్లుడే ఆమె సహాయకుడు. యంత్రానికి పక్షపాతం ఉండదని అతని గట్టి నమ్మకం.

“పేరు అంత స్పష్టంగా ఉంటే ఇంకేం చేస్తాం అత్తా?”

“అది చివరివాడి పేరు అల్లుడూ. వాడికి ముందు ఎవరో?” ఆమె పొట్లం వైపు చూసింది. “అదేమిటి?”

“నిన్నటి పని చీటీ. ఏ లిఫ్టు ఎలా ఉందో రోజూ పదింటికి అచ్చుతీసి ఇస్తారు. ఎవరు చదువుతారమ్మా! మరలు కట్టుకుంటాం.”

“విప్పకండి. మీ ఆఫీసుకు పదండి.”

ఆఫీసులో మేనేజరు, గుమాస్తా ఎదురుగా కూర్చున్నారు.

“కంప్యూటర్ను మించిన సాక్షి ఎవరండీ?” అన్నాడు మేనేజరు.

“అది ఒక్క పేరే గుర్తుంచుకుంటుంది. కొత్త పేరు ఎక్కగానే పాతది చెరిగిపోతుంది. కాగితం మీది పేరు అలా చెరగదు.”

ఆమె పొట్లం విప్పింది. మరలు బల్లమీద దొర్లాయి. నలిగిన చీటీని మేనల్లుడు పైకి చదివాడు: అచ్చు వేళ పది. లిఫ్టు నడపవచ్చు. చివరిగా మార్చినవారు, మేనేజరు.

“ఈయన సేవ్ కొట్టింది పదకొండింటికి. గంట ముందే మాట మారింది. మీ పేరు మీద ఈయన పేరు పడాలనే కదా, ఆ ఫోన్ నంబరు పని?”

మేనేజరు కళ్లద్దాలు తీశాడు. “లిఫ్టు నడపమని భవనం యజమాని నా ప్రాణం తీశాడు. ఒక్కరోజు నడిస్తే ఏమవుతుందిలే అనుకున్నాను. తర్వాత భయం వేసింది.”

గుమాస్తా పోలీసులకు ఫోన్ చేశాడు. మేనల్లుడు అత్త వంక గర్వంగా చూశాడు. ఆమె మెకానిక్‌నే చూస్తోంది. అతడు మరలు ఏరుకుంటూ ఆగాడు.

“దీన్ని నిన్న పదింటికే చదివుంటే, అమ్మా?”

అతడు మరలను రుమాల్లో కట్టుకున్నాడు. పది కొట్టాక ఆ రోజు కొత్త చీటీని గుమాస్తాను అడిగి తీసుకుని, నిలబడే పైనుంచి కిందిదాకా చదివాడు.