మనిషి కదిలితేనే ఎలిగే లైటు

జగిత్యాల దాటి ధర్మపురి తొవ్వ పట్టినంక ఎడమ దిక్కు ఒక అద్దాల ఆఫీసు కనవడ్తది. పొద్దుగూకినంక దాని ముంగట ఏ ఆటో ఆగది. గిరాకీ పోతే పోయిందని మా స్టాండోళ్లు సప్పుడు జేయకుంట ముంగటికి పోతరు. ఎందుకంటే... పై అంతస్తుల, మూల గదిల, అందరు ఇండ్లకు పోయినంక లైటు ఎలుగుతది. ఆరుతది... మల్ల ఎలుగుతది.

నాకు దెయ్యాలంటే నమ్మకం లేకుండె. ఎన్నో ఏండ్ల సంది ఆటో నడుపుతున్న, మనుషులు పెట్టిన తిప్పలు ఏ దెయ్యం పెట్టలే. "ఓరి పిరికి సన్నాసులార, తాగి చూస్తే ఉన్న లైటు ఆరుతది, లేని లైటు ఎలుగుతది" అని మావోళ్లను తిట్టేటోన్ని.

దాన్ని అందరు సున్నా ఆఫీసు అంటరు. మీద మొత్తం సోలార్ పలకలే. ఎంత కరెంటు వాడుకుంటదో అంత అదే చేసుకోవాలె, ఏడాదికి లెక్క జూస్తే సున్నా రావాలె. లైట్లకు బటన్లు లేవు. మనిషి కదిలితే ఎలుగుతయ్, కదలకపోతే జరసేపటికి వాటంతటవే ఆరుతయ్. ఏసీలు గూడ గంతే.

గా మూల గదిల స్వరూప అనే పిల్ల కంప్యూటర్ పని జేసేది. ఒకనాడు అందరు పోయినంక ఒక్కతే పని జేసుకుంట, కుర్చీలనే పానం ఇడిసింది. గుండె ఆగిందన్నరు. అప్పటి సంది గా గదికి చెడ్డపేరు వడ్డది.

మొన్న ఎండకాలం హర్షిత మేడం వచ్చింది. సారంగాపూర్ పిల్లనే, హైదరాబాద్‌ల కొలువు. బిల్డింగ్ ఎంత కరెంటు తింటున్నది, లోపల కూసున్నోళ్లకు సుఖమున్నదా లేదా — ఇది చూసుడే ఆమె పని. ఉక్కపోస్తున్నదా, సలి పెడ్తున్నదా, ఎలుతురు సాలుతున్నదా అని అందర్నీ అడిగింది. అంతా మస్తుగున్నదన్నరు. గని మూల గది మాట తీస్తే ఒక్కలు నోరు ఇప్పలే. లెక్క సున్నాకు వస్తలేదు, రాత్రిపూట కరెంటు ఖర్చయితున్నది గా గదిలనే.

ఉన్నన్ని రోజులు ఆమె నా ఆటోలనే తిరిగింది. అందుకే గీ ముచ్చట నాకు ఎర్కయింది. పై అంతస్తుల జరిగిందంతా ఆమె తర్వాత చెప్పిందే, నేను కల్పించింది ఏం లేదు.

"అన్నా, నువ్ గేటు కాడ ఉండు. పైకి పోయి చూసొస్త," అన్నది ఒకనాడు రాత్రి.

గేటు కాడ వాచ్‌మెన్ బుచ్చన్న అడ్డం వచ్చిండు. స్వరూపకు సొంత మేనమామ.

"వద్దు బిడ్డా... గా గదిలకు పోకు," అని గుసగుసగ అన్నడు.

"దెయ్యాన్ని గూడ అడగాలె కాకా, సుఖంగున్నవా అని," అనుకుంట నవ్వి ఎక్కింది.

పోతున్నకొద్ది మెట్ల మీద ఒక్కొక్క లైటు ఎలిగింది. మూల గది తలుపు సందు నుంచి ఎలుతురు... సరిగ్గ ఆమె చెయ్యి పెట్టంగనే ఆరింది. లోపల చీకటి. చీకట్ల ఎవరో ఊపిరి తీసుకుంటున్నరు...

లైటు ఎలిగింది.

స్వరూప కుర్చీల ఒక ముసలామె. ఒక చెయ్యి మీదికి లేపి, పసిబిడ్డ తొట్టెల ఊపినట్టు మెల్లగ ఊపుతున్నది.

లింగవ్వ! స్వరూప తల్లి. బిడ్డ వోయినంక కంపెనీవోళ్లు ఆమెకు గాడనే ఊడ్సే పని ఇచ్చిండ్రు.

"ఏంది అవ్వా ఇది?"

"పానం వోయిన కాడ దీపం పెట్టాలె గద బిడ్డా. ఈడ అగ్గి ముట్టియ్యద్దన్నరు, పొగొస్తే గంట మోగుతదట. గందుకే చెయ్యి ఊపుతున్న. నొచ్చి గుంజినప్పుడు దించుత, ఆరుతది... మల్ల లేపుత."

"దినాలు ఎప్పుడో అయిపోయినయ్ గద?"

"అయినయ్. గని నా బిడ్డ చీకట్ల వోయింది."

అప్పుడు చెప్పింది లింగవ్వ. స్వరూప బల్ల మీద ఒరిగింది... కదల్లే. కదలకపోయేసరికి ఎవ్వరు లేరనుకొని లైటు ఆరింది. కింద నుంచి బుచ్చన్న జూసిండు — చీకటి. అందరు పోయిండ్రనుకొని తాళమేసిండు. తెల్లారి తీస్తే...

"దెయ్యమున్నదని పుట్టిచ్చింది గూడ మా తమ్ముడే. నన్ను ఎవ్వలు లేపొద్దని."

మేడంకు ఏడుపు ఆగలే. ఉన్నదున్నట్టు చెప్తే గదికి తాళం పడ్తది, ముసలామెకు గీ దీపం గూడ ఉండది. చెప్పకపోతే చేసిన పనికి ద్రోహం. ఏం జెయ్యాల్నో తోచక, అవ్వ చెయ్యి పట్టుకొని ఒళ్లె పెట్టుకున్నది.

"జరసేపు ఆపు అవ్వా. ఆరితే నేను లేస్త."

ఇద్దరు కదలకుంట కూసున్నరు. ఆరాలె... ఇగ ఆరాలె...

ఆరలే.

ఎంతసేపు కూసున్నా ఆరలే. మేడం తల తిప్పకుంట కండ్లతోటే గదంత జూసింది. ఎవ్వరు లేరు. లింగవ్వ మాత్రం దేన్నీ చూడలే. శానసేపటికి మెల్లగ అన్నది —

"స్వరూపా... మామ కింద ఉన్నడు. ఇంటికి పోదాం పా, బిడ్డా."

ఇద్దరు లేసిండ్రు. తలుపు దిక్కు నడిసిండ్రు. మనిషి కదిలితే ఎలగాల్సిన లైటు... వాళ్లు నడుస్తుండంగనే ఆరిపోయింది.

ఇగ కింద జరిగింది నేను నా కండ్లతోటి చూసిన. లింగవ్వ బుచ్చన్న కాడికొచ్చి భుజం మీద చెయ్యేసింది.

"ఇగ తాళమెయ్యి తమ్మీ. లోపల ఎవ్వరు లేరు," అన్నది.

బుచ్చన్న తాళం పట్టుకొని చిన్నపోరని లెక్క ఏడ్సిండు.

ఇద్దరు ఆటో ఎక్కిండ్రు. అప్పటికి నాకు పైన సంగతి ఏం ఎర్కలేదు. అద్దంల జూస్తే మేడం ఒక అంచుకు, లింగవ్వ ఇంకో అంచుకు, సగం ఒళ్లు బయటకే ఉన్నది.

"అవ్వా, నడిమిట్ల గంత జాగ ఉన్నది గద, జరుగు. పడ్తవ్," అన్న.

"నువ్ నడుపు నాయినా," అన్నది లింగవ్వ. "దానికి చిన్నప్పటి సంది అంచుకు కూసుంటే భయం."

మేడం దిక్కు జూసిన. ఆమె ఇంకొంచెం అంచుకు జరిగింది.

ఇల్లు వచ్చేదాక గుంతలు జూసుకుంట మెల్లగ నడిపిన.