లాగ్‌లో లేని మాటలు

"ఈ రోజుతో నీ లైన్ మూసేస్తున్నాం," అన్నాడు మేనమామ.

ఆయన ఎవరికీ మేనమామ కాదు. బ్యూరోకి చీఫ్. అది కోడ్ పేరు. ఈసారి గ్యాస్ స్టవ్ మెకానిక్ వేషంలో వచ్చి, పనిముట్ల సంచి ఒళ్ళో పెట్టుకుని వంటింటి స్టూలు మీద కూర్చున్నాడు. చొక్కాకు మసి బాగానే పూసుకున్నాడు గానీ బూట్లు అద్దాల్లా మెరిసిపోతున్నాయి. ఆ బూట్ల సంగతి పెద్దక్క చెప్పీ చెప్పీ మానేసింది.

పెద్దక్క అనేదీ కోడ్ పేరే. ఆవిడ దుప్పటి ఇస్త్రీ చేస్తోంది.

"మరి తమ్ముడు?"

"వాడి కవర్ నిలిచేలా లేదు. కంపెనీలో అకౌంటెంట్లను ఒక్కొక్కణ్ణే లోపలికి పిలిచి అడుగుతున్నారట. చీకటి పడేలోగా బయటికి లాగెయ్యాలి. కారులో నేనే వెళ్తున్నాను."

"మీరే ఎందుకు సార్?"

"ఏడేళ్ళు వాడు పంపిన సమాచారం మీద మనందరం జీతాలు తీసుకున్నాం. ఒక్క పూట డ్రైవర్ పని చేస్తే అరిగిపోతానా?"

కంపెనీ అంటే పైకి ఎగుమతుల ఆఫీసు. లోపల దొంగ ఆయుధాలు అమ్మే విదేశీ ముఠా. అందులో లెక్కలు రాసేవాడే తమ్ముడు. వాడి ముఖం పెద్దక్క చూడలేదు, గొంతు వినలేదు. వాడి ఇల్లెక్కడో బ్యూరోలో ఎవరికీ తెలీదు. తెలియకూడదని రూలు.

మేనమామ లేచి, ఆవిడ చెవి దగ్గరికి వంగాడు. "పాత రేవు, మూడో గోదాం. ఈ మాట నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలీదు. ఈమధ్య మన ఆఫీసులో గోడలకు చెవులే కాదు, కాళ్ళు కూడా వచ్చాయి. వాడు లైన్‌లోకి రాగానే ఆ చోటు టైప్ చెయ్యి. అది బ్యూరోలో ప్రింటవుతుంది. ఆపరేటర్ వైర్‌లెస్‌లో నాకు చదివి వినిపిస్తాడు. అప్పుడు కదుల్తాను."

"అలాగే సార్."

"సుందరి నీ దగ్గరుంటుంది, సెక్యూరిటీకి."

సుందరి ముందుగదిలో కిటికీ పక్కన నిలబడి ఉంది. కోడ్ పేర్లు పెట్టే గుమాస్తా జీవితంలో నిజం చెప్పింది ఆ ఒక్క పేరులోనే. ముదురు నీలం కోటు, తెల్లటి మెడ. ఆమె అడుగు పెట్టగానే గది మరీ చిన్నదైపోయి, సోఫా మీది చిరుగు ఇంకా పెద్దదిగా కనపడింది. మూడు దేశాల్లో పనిచేసి వచ్చిందని, రెండు నెలలుగా బ్యూరోలో లైన్ల మీది మాటలు నమోదయ్యే లాగ్‌లన్నీ ఆమే చదువుతోందని పెద్దక్క విన్నది.

మేనమామ వెళ్ళాక తలుపు తాళం టక్కున పడింది. లైన్ వేళకు తాళం పడితే ఆ తలుపు ఇక తెరుచుకోదు. లైన్ తెగాకే తెరుచుకుంటుంది. ఆ ఇంట్లో బ్యూరో అమర్చిన పరికరాల్లో సరిగ్గా పనిచేసేది అదొక్కటే. ఇస్త్రీపెట్టెలో పెట్టిన ట్రాన్స్‌మిటర్ మొదటి వేసవికే కాలిపోయింది. బాగుచెయ్యమని రాస్తే కొత్త ఇస్త్రీపెట్టె పంపారు. దాన్లో ట్రాన్స్‌మిటర్ లేదు గానీ, మడతలు బాగా పోతాయి.

"ఇదేనా ఆ మహా యంత్రం?" అంది సుందరి.

మూల బల్ల మీద పాత ఇంటి కంప్యూటర్. కీబోర్డే మొత్తం కంప్యూటర్. తెర స్థానంలో ఓ చిన్న పాత టీవీ, పక్కన టెలిఫోన్ తీగకు తగిలించిన మోడెమ్. ఇంత పాతదాన్ని ఎవరూ అనుమానించరనీ, ఇందులో చొరబడే విద్య తెలిసినవాళ్ళు రిటైరైపోయారనీ బ్యూరో ధీమా.

ప్రోగ్రామ్ కూడా అంతే సాదా. తెర మధ్యలో అడ్డంగా ఒక గీత. పైన అవతలివాళ్ళ మాటలు, కింద మనవి. మన లిపి దానికి రాదు కాబట్టి ఇంగ్లిషు అక్షరాల్లోనే మన మాటలు కొట్టాలి. ఒక అక్షరం కొడితే ఆ అక్షరం అప్పుడే అవతలి తెర మీద పడుతుంది. తప్పు కొట్టి చెరిపితే, చెరపడమూ అక్కడ కనపడుతుంది. ఎంటర్ నొక్కాకే అది లాగ్‌కి ఎక్కుతుంది, బ్యూరోలో ప్రింటవుతుంది.

సొంత కబుర్లు నిషేధం.

ఆ రూలును ఇద్దరూ ఏనాడూ మీరలేదు, లాగ్ చదివేవాళ్ళ లెక్క ప్రకారం. మొదటి ఏడాది ఒక సాయంత్రం, అవతల ఒంటి వేలితో ఒక్కో అక్షరమే పడుతూ వచ్చింది. "అక్కా, జ్వరంగా ఉంది." ఎంటర్ పడలేదు. కాసేపు ఆ మాట అక్కడే వణుకుతూ నిలబడి, చివరి నుంచి ఒక్కో అక్షరమే మాయమైంది. పెద్దక్క చేతులు తుడుచుకుని, "మాత్ర వేసుకున్నావా?" అని కొట్టి, వాడు చదివేంత సేపు ఆగి, తనూ చెరిపేసింది.

అప్పట్నించి ఓడల పేర్లూ పెట్టెల నంబర్లూ లాగ్‌కి. చెరిపేసినవి వాళ్ళిద్దరికి. వాడి మోకాలి నొప్పి, ఆవిడ కుండీలో చచ్చిపోయిన గులాబీ. వంటింటి కిటికీలోంచి నీళ్ళు లేని ఈత కొలను కనపడుతుందనీ, దాని పక్క సందులోకి తన పెరటి ఇనప మెట్లు దిగుతాయనీ, వాటికి ఇంటివాడు చిలకపచ్చ రంగు పూయించాడనీ వాడు కొట్టి చెరిపాడు. ఓసారి పెద్దక్క ఎక్కిన బస్సు ఆ సందు మొదట్లో ఆగింది. పచ్చ మెట్లు కంటి కొసకు తగిలాయి. ఆవిడ తలెత్తి కిటికీ వంక చూడలేదు. ఒళ్ళో సంచిని గట్టిగా పట్టుకుని, బస్సు కదిలేదాకా ముందు సీటు మీది చిరుగును చూస్తూ కూర్చుంది. ఆ సంగతి మాత్రం వాడికి చెప్పలేదు, చెరపడానికైనా.

తెర మీద పైభాగం మెరిసింది. లైన్ కలిసింది.

పెద్దక్క రోజూ అడిగేదే అడిగి ఎంటర్ నొక్కింది. "తమ్ముడూ, కూరలో ఉప్పు సరిపోయిందా?"

"ఎక్కువైంది," అని వచ్చింది.

ఎక్కువైంది అంటే క్షేమం. సరిపోయింది అంటే దొరికిపోయాను అని. ఆ మాట లాగ్‌లో పడితే తుపాకుల దళం పరుగెత్తుకొస్తుంది. పెళ్ళాం వంటను మెచ్చుకునే మగవాడు ఉండడన్న ధైర్యంతో మేనమామ పెట్టిన కోడ్ అది.

అంతా పద్ధతిగానే ఉంది. కానీ ఆ మాట గబగబా, వాన చినుకుల్లా పడింది. పది వేళ్ళు.

పెద్దక్క ఎంటర్ నొక్కకుండా కొట్టింది. "మోకాలు ఎలా ఉంది?" ఆగింది. చెరిపేసింది.

పైన ఏమీ కదల్లేదు. తర్వాత ఒక్క తప్పు లేకుండా, ఒక్క అక్షరం చెరపకుండా, "అక్కా, ఎక్కడికి రావాలి? కారులో ఎవరొస్తున్నారు?" అని వచ్చి కూర్చుంది.

"తప్పు పడిందా పెద్దక్కగారూ?" సుందరి భుజం మీదుగా వంగింది. ఖరీదైన సెంటు వాసన.

"వయసమ్మా. వేళ్ళు మాట వినవు."

"ఆయన మాత్రం భలే నీటు. లాగ్ అంతా చూశాను, ఒక్క తప్పు లేదు."

పెద్దక్క తెర మీది ఆ లైనును మళ్ళీ చదివింది. వాడికి ఒక్క లైను కూడా తప్పు లేకుండా కొట్టడం రాదు. అవతల కూర్చున్నవాడు ఎవడో గానీ లాగ్ చదివి నేర్చుకున్నాడు, పాఠం అప్పచెబుతున్నాడు. ఏడేళ్ళ లాగ్ చదివే వీలున్నది ఇద్దరికే. ఒకాయన ఈ సాయంత్రం తన ప్రాణాన్ని కారులో పెట్టుకుని బయల్దేరబోతున్నాడు. రెండో మనిషి ఊపిరి తన మెడ మీద తగులుతోంది.

తమ్ముడు వాళ్ళ చేతిలో ఉన్నాడు. ఈ ప్రోగ్రామ్ వాడి మెషీన్‌లో తప్ప పలకదు. అంటే వాణ్ణి వాడి ఇంట్లోనే కట్టి పడేశారు. మేనమామ వచ్చే చోటు తెలిసేదాకా వాడు కావాలి. తెలిశాక అక్కర్లేదు.

అలారం మాట కొడదామంటే అర్థం సుందరికీ తెలుసు, వాళ్ళకీ తెలుసు. కిటికీలోంచి అరుద్దామంటే మూడో అంతస్తు, కింద ట్రాఫిక్ హోరు. అయినా ఏడేళ్ళుగా ఈ ఇంట్లోంచి వెళ్ళిన మాటలన్నీ వేళ్ళ మీదుగానే వెళ్ళాయి.

"చెప్పెయ్యండి, టైం అవుతోంది," అంది సుందరి మెత్తగా.

పెద్దక్క కొట్టింది. "పాత ఈత కొలను పక్క సందు. పచ్చ ఇనప మెట్ల కింద. కారులో మేనమామే వస్తాడు." ఎంటర్.

బ్యూరోలో ప్రింటర్ కదిలి ఉంటుంది. ఆపరేటర్ చదువుతూ ఉంటాడు. చెప్పమన్న చోటు ఒకటి, చెప్పింది ఇంకొకటి. ఏడేళ్ళలో చెప్పిన మాట దాటని మనిషి ఇవాళ ఎందుకు దాటిందో ఆ మెరిసే బూట్లాయనకు తట్టాలి. తట్టకపోతే ఇక అంతే.

"సరే," అని వచ్చింది పైన. చాలాసేపు ఖాళీ. అవతల మనుషుల్ని పంపిస్తున్నట్టున్నాడు. వీధి గుమ్మంలోంచి వచ్చినవాళ్ళకు పెరటి మెట్లు ఏ రంగో ఏం తెలుసు?

ఇప్పుడు ఆ అవతలివాణ్ణి కీబోర్డు ముందు నుంచి లేవనివ్వకూడదు, లేస్తే తమ్ముడి పని ముగిస్తాడు. "ఆగు, కారు గుర్తులు చెప్పాలి," అని కొట్టింది పెద్దక్క. తెల్ల కారు అని కొట్టి, చెరిపి, బూడిద రంగు అంది. ముందు అద్దానికి పగులు, ఎడమ వైపా కుడి వైపా, ఆలోచించి చెరిపింది. నంబరు ప్లేటు తిరగేసి చెప్పింది. కొత్త కోడలికి అత్తగారు అల్మారా అప్పగించినట్టు, ఒక్కో వస్తువూ తీసి, చూపించి, మళ్ళీ లోపల పెట్టింది.

"చాలు." సుందరి గొంతు మారింది. చేతిలో పౌడర్ డబ్బా అంత పిస్టల్. "చోటు చెప్పేశాక ఈ నస ఏమిటి?"

"నువ్వేమిటమ్మా ఇలా?"

"మీ తమ్ముడికి మీరంటే చాలా ఇదిగా ఉంది. పొద్దుట్నించీ కొట్టినా మీ గురించి ఒక్క ముక్క చెప్పలేదు." ఆమె చెయ్యి చాచి మోడెమ్ తీగను ఊడబెరికింది. తెర మీద గీత ఒక్కటే మిగిలింది. తలుపు తాళం టక్కుమని తెరుచుకుంది.

సుందరి వెనక్కి నడుస్తూ తలుపు తీసింది. గుమ్మంలో ఇద్దరు మనుషులు, మధ్యలో ఎర్ర సిలిండరు. బ్యూరో వాళ్ళే, బూట్లు అద్దాల్లా మెరుస్తున్నాయి.

"గ్యాస్ వచ్చిందమ్మా," అన్నాడొకడు, ఆమె మణికట్టు ఒడిసి పట్టుకుంటూ. పిస్టల్ పేలింది. సోఫాకు ఇంకో చిరుగు పడింది.

ఆమెను తీసుకుపోయారు. పెద్దక్క తీగ గుచ్చింది. డయల్ చేసింది. కలవలేదు. మళ్ళీ చేసింది. లైన్ తెగిన క్షణంలోనే అవతలివాడు లేచి ఉంటాడు. వాడు గది అవతలికి నడవడానికి ఎంతసేపు, మేనమామ మెట్లెక్కడానికి ఎంతసేపు? ఆవిడ ఆ ఇల్లు ఎన్నడూ చూడలేదు. గదులెన్నో తెలీదు.

కలిసింది. పైభాగం ఖాళీగా ఉంది.

చాలాసేపటికి ఒక అక్షరం పడింది. ఆగింది. ఇంకొకటి. అది తప్పు. చెరిగింది. ఒంటి వేలు.

"అక్కా, మోకాలు అలాగే ఉంది."

ఆ మాట చివరి నుంచి ఒక్కో అక్షరమే మాయమవుతుంటే పెద్దక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కాసేపటికి మేనమామ తన పది వేళ్ళతో రిపోర్టు కొట్టాడు. తాను పచ్చ మెట్లెక్కి పెరటి తలుపు తన్నేసరికి ముఠావాడు తమ్ముడికి పిస్టల్ గురిపెట్టి ఉన్నాడట, పేల్చేలోగా పడగొట్టారట. మిగతావాళ్ళు చంకలో పిల్లణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఈత కొలను ఎక్కడని దారంతా అడుక్కుంటూ తిరిగి తిరిగి, చివరికి తాము బయల్దేరిన ఇంటి వెనక్కే వచ్చి దొరికిపోయారు. చివర్లో అడిగాడు: "లాగ్ మొత్తం నేనూ చదివాను. ఈ ఇల్లు అందులో ఎక్కడా లేదు. నీకెలా తెలుసు?"

"వయసైంది సార్. గుర్తులేదు."

"సరే. వీణ్ణి ఈ రాత్రే సరిహద్దు దాటిస్తున్నాం. పేరూ ఊరూ మారిపోతాయి. మీ లైన్ ఇక ఉండదు. ముగించండి."

మళ్ళీ ఒంటి వేలు. "నీ కిటికీలోంచి ఏం కనపడుతుందో ఎప్పుడూ చెప్పలేదు." చెరిగింది.

పెద్దక్క కిటికీ వైపు చూసింది. "ఎదుటి గోడ. దాని మీద పొద్దు గుంకేటప్పుడు కాస్త ఎండ. నీ లైన్ కలిసే వేళకే," అని కొట్టి, వాడు చదివేంత సేపు ఆగి, తుడిచేసింది. ఎప్పుడూ ఆగే దానికంటే ఎక్కువే ఆగింది.

చివరికి వాడు ఎంటర్ నొక్కాడు. ఈసారి అడగడం వాడి వంతు.

"అక్కా, కూరలో ఉప్పు సరిపోయిందా?"

పెద్దక్క జవాబు కొట్టకుండా లేచి వంటింట్లోకి వెళ్ళింది. పాలు స్టవ్ మీద పెట్టింది. అల్మారా పై అరలో ఏళ్ళుగా దిగని కప్పులు దించి, దుమ్ము కడిగి, వరసగా పేర్చింది. తర్వాత వచ్చి కూర్చుని, చెరపకుండా, నెమ్మదిగా కొట్టి ఎంటర్ నొక్కింది.

"సరిపోయింది."

తెర ఆరిపోయింది. మెట్ల మీద బరువైన పరుగులు వినపడేసరికి కాఫీ కలపడం కూడా అయిపోయింది. తలుపు బద్దలు కొట్టబోతున్న వాళ్ళకు ఆవిడే తీసి పక్కకు జరిగింది.

"తుపాకులు ఆ మూల పెట్టి రండి నాయనా," అంది. "చల్లారిపోతుంది."