సొరుగు మూల గీత

పాత చెక్క సామాన్లు బాగుచేసి అమ్మే దుకాణం అది. ఉదయం షట్టరు ఎత్తగానే మామగారు చేసే మొదటి పని జిగురు డబ్బా వేడి నీళ్లలో పెట్టడం. ఆ రోజు పెట్టలేదు. కోడలు గీసిన బొమ్మ పట్టుకుని, దుకాణం వెనకే ఉన్న వంటింట్లోకి తిన్నగా వచ్చేశారు.

"ఏంటమ్మా ఇది?"

అది పాత కాఫీ మర బొమ్మ. కొనేవాళ్లకు ఫొటోల బదులు బొమ్మలు పంపుదామన్నది కోడలే. చెక్క చారలూ, ఇత్తడి మీది గీతలూ, చెయ్యి తగిలి తగిలి అరిగిన పిడీ అన్నీ సన్నటి కలంతో దించింది. కింద పొడి పడే సొరుగు మూల వెంట్రుకంత గీత కూడా.

"అతుకు మామయ్యా."

"అతుకని నాకు తెలీదా? వేసిందే నేను! నీ బొమ్మ చూసి, కొంటానన్నావిడ వద్దనేసింది. పగిలిన సరుకు అంటగడతారా అని అడిగింది. నన్ను!"

"పొయ్యి మీద పాలున్నాయి. అవీ మీరూ ఒక్కసారే పొంగకండి" అంది అత్తగారు.

ఆయన వినిపించుకోలేదు.

"నలభై ఏళ్లుగా అతుకు కనబడకుండా వెయ్యడం నా పని. దాన్ని వెతికి మరీ గీయడం నీ పనా? ఆ గీత లేకుండా మళ్లీ గీసివ్వు. లేదంటే ఈ దుకాణంలో బొమ్మల ముచ్చట ఇవాళ్టితో సరి!"

కోడలి ముఖం పాలిపోయింది. పెళ్లయి వచ్చిన ఈ ఏడాదిలో, ఈ ఇంట్లో తనది అనుకున్నది ఆ పనొక్కటే.

"తీయను మామయ్యా. భూతద్దం పెట్టి రెండ్రోజులు చూసినా నాకూ కనబడలేదు. మూడోరోజు ఎండ ఏటవాలుగా పడితే దొరికింది. చార ఎటు తిరిగితే మీరు అతికిన ముక్కా అటే తిరిగింది. అలాంటి ముక్క కోసం ఎన్ని చెక్కలు తిరగేశారో! ఆ మరలో అంతకన్నా అందమైంది ఇంకేముంది? దాన్నే వదిలేస్తే నేను గీసి ఏం లాభం?"

మామగారు బొమ్మను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, కళ్లజోడు పైకి జరుపుకుని చాలాసేపు చూశారు. ఆయన పనిని ఇన్నేళ్లలో మెచ్చుకున్నవాళ్లు లేరు. కనబడితే కదా మెచ్చుకోవడానికి!

ఫోను తీసి, వద్దన్న ఆవిడకే కలిపారు.

"అతుకున్న మాట నిజమేనమ్మా. ఒకటి కాదు, రెండు. నేనే వేశాను. అక్కర్లేకపోతే పర్లేదు, వదిలెయ్యండి."

ఫోను పెట్టేసి, భుజం మీది తుండుతో కళ్లు ఒత్తుకున్నారు.

"రెండోది నీకు దొరకలేదు" అన్నారు కోడలితో. "రా, ఎండ ఉండగానే వెతుకుదువుగాని. నేను మాత్రం చెప్పను."