చదరపు మీటరులో విజిల్ సారు

ఆ మంగళవారం పొద్దున నేను గ్రౌండులో గడ్డి కోసే మిషను ఆపి చెమట తుడుచుకుంటుంటే, ఏడో తరగతి బి సెక్షను మొత్తం చేతుల్లో నోటు పుస్తకాలతో నా వైపు నడిచొచ్చింది. నలభై ముగ్గురు పిల్లలు. వాళ్ల ముందు సైన్స్ టీచరు.

ప్రహరీ దగ్గర అందరూ ఒకచోట ఆగి నేలకేసి చూశారు. తర్వాత నాకేసి చూశారు.

"ఇక్కడ ఒక చదరపు మీటరు ఉండాలి," అందావిడ.

"ఈ గ్రౌండంతా చదరపు మీటర్లే మేడమ్. ఏది కావాలో తీసుకోండి," అన్నాను.

పిల్లలెవరూ నవ్వలేదు. ఏడో తరగతి పిల్లలు నవ్వలేదంటే వ్యవహారం ముదిరినట్టే.

"నాలుగు కర్రముక్కలు పాతి ఎర్ర దారం కట్టాం. మీకు కనబడలేదా?"

కనబడింది. ఎవరో ఆడుకుని వదిలేశారనుకుని పీకేసి గోడ అవతల పడేశాను. ఆ మాట పైకి అనలేదు గానీ నా మొహం చెప్పేసినట్టుంది.

తిట్లకు సిద్ధపడ్డాను. పదకొండేళ్లుగా పీటీ మాస్టర్ని, ఈ బడికి వచ్చి మూడు నెలలు. తిట్లు తినడం నా ఉద్యోగంలో ఒక భాగం. ఆవిడ మాత్రం తిట్టలేదు. కోసిన గడ్డి మీద, ఉన్నచోటే, కూర్చుండిపోయింది. కాళ్లు ఇక మావల్ల కాదన్నాక మనిషి కూర్చునే తీరు అది. నాకు బాగా తెలుసు. రోజూ సాయంత్రం నేనూ అలాగే కూర్చుంటాను.

"రాసుకోండి," అంది పిల్లలతో. "నాలుగో వారం."

ముందు వరసలో ఉన్న కళ్లజోడు పిల్ల పుస్తకం తెరిచింది. "టీచర్, గడ్డి రకాలు?"

"ఎన్ని కనబడితే అన్ని."

"ఏం లేవు టీచర్."

"అయితే సున్నా."

"మిడతలు?"

"సున్నా."

"ఎక్స్‌ప్రెస్?"

ఎక్స్‌ప్రెస్ అంటే వాళ్ల నత్త అని నాకు తర్వాత తెలిసింది. ఆవిడ కోసిన గడ్డిని వేళ్లతో కదిపి చూసింది. వెనక ఎవరో ముక్కు చీదారు.

"టీచర్, కారణం ఏం రాయాలి?"

"జరిగిందే రాయండి."

నలభై ముగ్గురూ తలలు వంచి శ్రద్ధగా రాశారు. నేను మెడ చాచి చూశాను. కారణం: విజిల్ సారు.

* * *

మధ్యాహ్నం క్షమాపణ చెబుదామని స్టాఫ్ రూముకి వెళ్లాను. ఆవిడ నోటు పుస్తకాల దొంతర మీద చెంప ఆనించి నిద్రపోతోంది. చేతిలో ఎర్ర పెన్ను, దాని గీత ఒకటి చెంప మీదికి పాకింది. నిద్ర లేపడానికి మనసు రాలేదు. రెండు కప్పుల టీ పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడ్డాను.

బెల్లు కొడితే లేచింది. నన్ను చూసి, "ఇంకా ఏం కోయాలి?" అంది.

"తప్పైపోయింది మేడమ్. టీ చల్లారిపోయింది, దానికీ సారీ."

చల్లారిన టీనే తాగింది. తాగుతూ చెప్పింది. ఒక చదరపు మీటరు నేల, పన్నెండు వారాలు. అందులో ఎవరున్నారు, ఎవరు ఎవర్ని తింటున్నారు, ఎవరు పోతే ఎవరికి కష్టం. ప్రతి మంగళవారం వెళ్లి చూసి పట్టికలో రాయాలి. పేరు, ఎన్ని, ఏం తింటుంది, ఎందుకొచ్చింది, వచ్చే వారం ఉంటుందా. ఐదు గడులు. తెలిస్తే రాయాలి, తెలియకపోతే ఖాళీ వదిలేయాలి, ఊహించి రాయకూడదు.

"పుస్తకంలో అడవుంది, పులుంది, జింకుంది," అంది. "వీళ్లు పులిని ఎప్పుడు చూస్తారు? చీమను మాత్రం రోజూ తొక్కుతారు. అందుకని."

"పన్నెండు వారాలే ఎందుకు?"

"పదమూడో వారానికి నేనుండను కాబట్టి. రాజీనామా ఉత్తరం ఇచ్చేశాను."

ఎంతో మామూలుగా అంది. నేనే కప్పు కింద పెట్టేశాను.

"ఏమైందండీ?"

"ఏం కాలేదు. ఏడేళ్లుగా రోజుకు ఆరు పీరియడ్లు అరిచి, ఇంటికెళ్లాక నాన్నతో మాట్లాడ్డానికి నోట్లో ఒక్క మాట మిగలట్లేదు. ఆయన పెట్టింది తిని పడుకుంటాను. ఈ పాఠం ఒక్కటి సరిగ్గా చెప్పి వెళ్లిపోదామనుకున్నా." ఆగి, నన్ను చూసింది. "మీరొచ్చారు."

* * *

ఆ సాయంత్రం గోడ దూకి, ముళ్లు గీరుకుని, ఆ ఎర్ర దారం వెతికి తెచ్చాను. కర్రముక్కల్లో మూడే దొరికాయి. నాలుగోదానికి పాత హాకీ స్టిక్కు విరిచి పాతాను.

మరునాడు టైమ్‌టేబుల్ తీసుకెళ్లి ఆవిడ ముందు పెట్టాను. "మంగళవారం మీ పీరియడ్ పక్కనే వాళ్లకి నా గేమ్స్ పీరియడ్ ఉంది. రెండూ కలిపేద్దాం. అరవడం నా వంతు, చెప్పడం మీ వంతు. మీరు కూర్చునే చెప్పండి."

"మరి మీ ఆటలు?"

"చీమల్ని లెక్కపెట్టడమంటే వంగి లేవడమే కదా మేడమ్. అదీ ఎక్సర్‌సైజే."

మొదటిసారి నవ్వింది. చిన్న నవ్వే. అలసిపోయిన మనిషి నవ్వులో పొదుపు ఉంటుంది, నాకది చాలు.

ఐదో వారం మొలకలు వచ్చాయి. చీమలు తిరిగొచ్చాయి. ఆరో వారం కళ్లజోడు పిల్ల కేక పెట్టింది. గోరంత పసుపు పువ్వు, మొదటి మూడు వారాల పట్టికలో ఎక్కడా లేనిది.

"ఇదెందుకొచ్చింది టీచర్?"

"ముందు పొడుగు గడ్డి నీడలో ఉండేది. గడ్డి పోయింది, ఎండ తగిలింది."

"అయితే సారు కోసినందుకే పువ్వొచ్చిందా?"

ఆవిడ నావైపు చూసి, గంభీరంగా మొహం పెట్టి, "రాసుకోండి. కారణం పాతదే," అంది. పిల్లలు గోల గోలగా నవ్వారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఏడో వారం వాన. పిల్లల్ని విజిలు ఊది వరండాలోకి తరిమి, మేమిద్దరం ఆట సామాన్ల షెడ్డు చూరు కింద చిక్కుకున్నాం. గాలి తీసిన ఫుట్‌బాళ్ల వాసన, రేకు మీద వాన చప్పుడు. ఆవిడ సంచిలోంచి బిస్కెట్ల పొట్లం తీసింది. అడక్కుండానే నేను సగం తినేశాను.

"మూడు వారాలుగా చూస్తున్నాను. మీరు నా బిస్కెట్ల మీద బతికే పరాన్నజీవి," అంది.

"అన్యాయం మేడమ్. ప్రతిఫలంగా విజిలు ఊదుతున్నాగా."

"అది నష్టం కిందికి వస్తుంది."

నవ్వుతూనే గోడకు తల ఆనించి కళ్లు మూసుకుంది. జుట్టు మీద నాలుగు వాన చుక్కలు. వాన ఇంకాసేపు కురిస్తే ఈవిడ ఇంకాసేపు కూర్చుంటుంది కదా అనిపించింది. అప్పుడర్థమైంది నాకు, ఈవిడంటే నాకు ఇష్టమని. అర్థమయ్యాక ఇంకా నీరసం వచ్చింది. ఇంకో ఐదు వారాల్లో వెళ్లిపోతుంది. ఉండమని అడగాలని నాలుక చివరిదాకా వస్తుంది. విశ్రాంతి కోసం వెళ్లే మనిషిని నాకోసం ఇంకా నిలబడమని ఏ మొహంతో అడగను?

"ఏంటి, మాట్లాడరేం?" అంది కళ్లు తెరవకుండా.

"బిస్కెట్లు అయిపోయాయి," అన్నాను.

* * *

తొమ్మిదో వారం స్పోర్ట్స్ డే. ముందురోజు సున్నప్పొడి బకెట్టుతో పరుగు గీతలు గీస్తూ పోతే, లోపలి గీత తిన్నగా వెళ్లి ఆ ఎర్ర దారం మధ్యలోకి దూరింది. సున్నం పడితే చీమా ఉండదు, నత్తా ఉండదు. గీత పక్కకు వంచుదామంటే అవతల ప్రహరీ. ఆరు వరసలు పట్టవు, ఐదే పడతాయి. వరస తగ్గితే పోటీలు పెరుగుతాయి, నేను ఎండలో ఇంకో గంట నిలబడాలి. అప్పటికే పొద్దుట్నించీ వంగి నడుం పట్టేసింది.

బకెట్టు దింపి కాసేపు కూర్చున్నాను. తర్వాత లేచి, గీసిందంతా చెరిపి, ఐదు వరసలూ దారం గడి చుట్టూ వంచి గీశాను.

మర్నాడు హెడ్మాస్టర్ గారు అక్కడ ఆగిపోయారు. "ఏంటయ్యా ఇది? ట్రాక్‌కి పొట్టొచ్చిందేం? ఆరో వరస ఏది?"

"చోటు చాలలేదు సార్."

"ఆ కర్రలు పీకేస్తే చాలదా?"

"ఒకసారి పీకాను సార్. నలభై మూడు పుస్తకాల్లో నా పేరెక్కింది."

ఆయన ఇంకేదో అనబోయి, గడి చుట్టూ చేరి తల్లిదండ్రులకు చీమల దారి చూపిస్తున్న పిల్లల్ని చూసి, గొణుక్కుంటూ వెళ్లిపోయారు. పరుగెత్తేవాళ్లంతా అక్కడ ఒళ్లు వంచి పక్కకు తిరిగి వెళ్లారు. ఒక్కడు కూడా దారం తొక్కలేదు.

మధ్యాహ్నం ఎండలో ఒక పెద్దాయన ఆ వంపు దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. సైన్స్ టీచరు వాళ్ల నాన్న. ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరయ్యాడట.

"ఈ మలుపు వేసింది నువ్వేనా బాబూ?"

"అవునండీ. సరిగ్గా రాలేదు."

"నేను డ్రైవర్ని, నాకు చెప్పకు. తిన్నగా పోయేవాడు స్టీరింగు తిప్పాడంటే, ముందు ఎవరో కనబడ్డట్టే." గొంతు తగ్గించాడు. "ఏడేళ్లు మా ఇంట్లో సాయంత్రం టీవీ తప్ప ఏదీ మాట్లాడలేదు. నెల దాటింది, అమ్మాయి మాట్లాడుతోంది. అన్నీ నీ గురించే."

"మంచిగానేనా అండీ?"

"మొదట్లో తిట్లే." నవ్వి నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఎప్పుడైనా ఇంటికి రా. నువ్వు వస్తే నాకూ మాట్లాడే ఛాన్సు దొరుకుతుంది."

ఆ చెయ్యి బరువు సాయంత్రం దాకా భుజం మీదే ఉంది.

* * *

పన్నెండో వారం. ఆఖరి మంగళవారం. పిల్లలు లెక్క ముగించారు. గడ్డి నాలుగు రకాలు, పసుపు పువ్వులు పదకొండు, మిడతలు రెండు, హాకీ స్టిక్కు కింద తడిలో నత్త ఒకటి. అది ఎక్స్‌ప్రెస్సేనా, కొత్తదా అని పెద్ద వాదన జరిగింది. చివరికి ఖాళీ వదిలేశారు.

నేను విజిలు ఊదాను. అందరూ వెళ్లారు. ఆవిడ గడి పక్కనే కూర్చుని ఉంది. నేను దారం చుట్టేద్దామని వంగితే, "ఉండనివ్వండి," అంది. కళ్లజోడు పిల్ల పుస్తకం నా చేతికిచ్చింది. "ఆఖరి వరస చూడండి."

గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. పేరు: విజిల్ సారు. ఎన్ని: ఒకటి. ఏం తింటుంది: టీచరు బిస్కెట్లు. ఎందుకొచ్చింది గడిలో ఏమీ లేదు. వచ్చే వారం ఉంటుందా: ఖచ్చితంగా.

"నన్ను కూడా పురుగుల్లో కలిపేశారా?"

"ప్రతి వారం కనబడే ప్రాణిని వదిలేయకూడదు కదా. ఆ ఖాళీ గడి మీద పెద్ద గొడవైంది. సగం మంది బిస్కెట్ల కోసమన్నారు. సగం మంది చేసిన తప్పు దిద్దుకోవడానికన్నారు. తెలియకపోతే రాయొద్దన్నాను." ఎర్ర పెన్ను నా వైపు చాచింది. "మీకు తెలుసుగా. మీరే రాయండి."

పదకొండేళ్లుగా ఈలలతో మాట్లాడే మనిషిని. నా చేతిరాత నాకే సరిగ్గా అర్థం కాదు. పుస్తకం మోకాలి మీద పెట్టుకుని, మెల్లగా, అక్షరం అక్షరం రాశాను. టీచరు కోసం.

ఆవిడ తీసుకుని చదివింది. చాలాసేపు చదివింది, రాసింది రెండే మాటలైనా. తర్వాత పక్కన రైటు మార్కు పెట్టింది.

దాని కింద స్కేలు కూడా లేకుండా ఇంకో వరస గీసింది. నేను పక్కనుంచి చూస్తున్నాను. పేరు: సైన్స్ టీచరు. ఎన్ని: ఒకటి. ఏం తింటుంది: విజిల్ సారు మిగిల్చిన బిస్కెట్లు. ఎందుకొచ్చింది: మొదట పాఠం కోసం, తర్వాతది రాయడానికి గడి చాలదు.

చివరి గడి దగ్గర పెన్ను ఆగింది. వచ్చే వారం ఉంటుందా.

ఉంటుంది, అని రాసింది.

"మరి ఉత్తరం?" అన్నాను.

"నిన్న సాయంత్రం వెనక్కి తీసుకున్నాను. వచ్చే ఏడాది అన్ని సెక్షన్లకూ రెండు పీరియడ్లు కలిపితేనే ఉంటానన్నాను. హెడ్మాస్టర్ గారు గొణిగి ఒప్పుకున్నారు." పుస్తకం మూసింది. "మీ గడి నిండుతుందో లేదో తెలియకుండానే ఉత్తరం వెనక్కి తీసుకున్నాను. అది గుర్తుపెట్టుకోండి."

"మీరే అన్నారుగా, ఊహించి రాయకూడదని."

"పిల్లలకు చెప్పాను. నాకు కాదు."

నేను ఆవిడ పక్కన గడ్డి మీద కూర్చున్నాను. బడిలో బెల్లు కొట్టింది. నాకు ఎనిమిదో తరగతి, ఆవిడకి ఆరో తరగతి.

"లేవాలి మేడమ్."

"తెలుసు," అని నా భుజానికి తల ఆనించింది. "రెండు నిమిషాలు."

విజిలు తీసి జేబులో వేసుకున్నాను.