నైవేద్యానికి తెర

ఆరేళ్లుగా సూర్యకళ గుండెలో ముల్లులా ఉన్న సందేహం ఒక్కటే... తను పరవాడలో తలదాచుకున్న గది సంగతి భర్తకు చెప్పిందెవరు? కాసులమ్మేనా? ఆమె భర్తకు స్వయానా పిన్ని! కానీ వీపున వాతలతో, వట్టి కాళ్లతో, మిట్టమధ్యాహ్నం పిల్ల చెయ్యి పట్టుకుని ఇల్లు దాటిన తనకు సొంత కాలి చెప్పులు విప్పి తొడిగి, ఎలమంచిలిలో బస్సెక్కించింది కూడా ఆమే! పదిహేను రోజులకే భర్త జగదీశ్వరరావు వచ్చి ఆ గది తలుపు బద్దలుకొట్టాడు. ఆనాటి నుంచి సూర్యకళ చిన్నత్త గడప తొక్కలేదు.

అక్కణ్ణుంచీ తప్పించుకుని, ఇప్పుడు కూతురితో అనకాపల్లిలో, అతనికి తెలియని గదిలో ఉంటోంది. కూతురు తనకే కావాలని జగదీశ్వరరావు కోర్టుకెక్కాడు. పదమూడేళ్ల ఆ పిల్ల, ధనశ్రీ, మహిళా కౌన్సెలింగ్ కేంద్రంలో మేడమ్ ముందు ఏడుస్తూ చెప్పినదంతా ఫైలుకెక్కింది. ఆ ఫైలు పంపమంది కోర్టు.

"అమ్మా, నాను సెప్పింది నాన్న సదవడు కదా?" పిల్ల తల్లి కొంగు పట్టుకుని అడిగింది.

సూర్యకళ తిన్నగా కేంద్రానికి వెళ్లింది.

"కోర్టుకో కాపీ, మీ ఆయనకో కాపీ. ఎప్పుడూ ఇంతేనమ్మా," అంటూ గుమాస్తా సన్యాసిరావు ఫైల్లోని పాత ఉత్తరం తిప్పి చూపించాడు.

సూర్యకళ కళ్లు ఆ కాగితం మీదే నిలిచిపోయాయి. ఆరేళ్ల కిందట తనిక్కడ ఇచ్చిన అర్జీ గురించి కేంద్రం కోర్టుకు రాసిన ఉత్తరం... అందులో పరవాడ అడ్రసు, గది నంబరుతో సహా! కింద, 'నకలు: జగదీశ్వరరావు గారికి'! సర్కారు బీరువా నోరు విప్పుతుందని ఎవరనుకుంటారు!... అయ్యో, చిన్నత్తా!

ఆమె కళ్లు తుడుచుకుంది. "ఈ పాలి ఇలాగ పంపనివ్వను బాబూ!"

"తప్పు సేసినోళ్లే దాసుకుంటారమ్మా," అని నవ్వాడతను.

"నూకాలమ్మకి నైవేద్యం పెట్టినప్పుడు తెర అడ్డం ఏత్తారు కదా... అమ్మోరేటి తప్పు సేసింది?"

సన్యాసిరావు ఫైలు మూసేశాడు.

వాయిదా రోజున, ఆ కాపీ ఇవ్వొద్దని సూర్యకళ కోర్టును కోరగానే జగదీశ్వరరావు విరుచుకుపడ్డాడు. "నా కూతురేటి సెప్పిందో నాకు తెలీకూడదేటే?"

అదీ నిజమే కదా, ఎదుటివాడికి తెలియకుండా తీర్పు ధర్మమేనా, అని సూర్యకళ కూడా ముందురోజు రాత్రంతా దేవుణ్ణి అడిగింది. అయినా తల వంచలేదు.

"నువ్వంటే భయమని సెప్పింది. అది తెలుసుకో! ఏ మాట ఎలాగ సెప్పిందో మాత్రం నీకియ్యను. నిజం సెప్పినందుకు పిల్ల మళ్లీ తన్నులు తినాలా?... జడ్జిగారూ, మీకేటీ దాచనండి. అంతా మీరు సదవండి. మా గది అడ్రసు, దాని ఏడుపూ మాత్రం ఈయన చేతికియ్యకండి!"

జడ్జిగారు స్టెనో వైపు తిరిగారు. పిల్ల మాటలు సీలు కవరులో తనకు మాత్రమే రావాలనీ, అడ్రసు కొట్టేయాలనీ, తండ్రి తరఫు వకీలుకు సారాంశం చాలనీ రాయించారు. జగదీశ్వరరావు పళ్లు నూరుతూ కూర్చున్నాడు.

ఆ సాయంత్రమే సూర్యకళ ఎలమంచిలి బస్సెక్కింది, చేతిలో కొత్త చెప్పుల పెట్టెతో.

"ఇన్నేళ్లకు దారి తెలిసిందేటే?" కాసులమ్మ అరుగు మీంచి కదల్లేదు. "నానే సెప్పేననుకున్నావు కదూ?"

"అనుకున్నాను చిన్నత్తా... పాపిష్టిదాన్ని!" సూర్యకళ ఆమె పాదాల దగ్గర కూలబడి, ఏడుస్తూనే చెప్పులు తొడిగింది. అవి వదులయ్యాయి! "అయ్యో, మార్చుకొత్తాను..."

"మార్చకే పిచ్చిమొగమా! ఆ రోజు నావి నీకు ఇరుకే కదా... నడవలేదూ?"

కాసులమ్మ లేచి, ఆ చెప్పులతోనే టపటపా వంటింట్లోకి నడిచింది, కోడలికి అన్నం పెట్టడానికి.