డేనియల్ కట్టిన కోళ్ళగూడు

తెల్లారగానే తౌడు కలిపిన గిన్నె పట్టుకొని వెళ్ళి సంపూర్ణమ్మ ఇనుప బోను తలుపు తీసింది. కోళ్ళు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ బయటపడ్డాయి. పది లెక్క తేలింది. పదకొండోది, నల్లచుక్కల పెట్ట, మూలన ముడుచుకుని ఉంది. వీపున ఈకలన్నీ ఊడిపోయి, చర్మం చీరుకుపోయి ఉంది. దాన్ని చూడగానే ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

అది మామూలు కోడి కాదు. ఆదివారం కోతపండుగకి గుడిలో ఇవ్వాలని దేవుడి పేరు చెప్పి పెంచిన పెట్ట. భర్త డేనియల్ బతికుండగా మొదలైన కానుక, ఆయన పోయాక కూడా ఒక్క ఏడూ తప్పలేదు.

"ఒరేయ్ కుమారూ! ఇలా వచ్చి నీ నిర్వాకం చూడు!"

యేసుకుమార్ బ్రష్షు నోట్లో పెట్టుకునే వచ్చాడు. వెనకాలే కోడలు హెప్సిబా వచ్చి, "అయ్యో, రక్తం అత్తయ్యా!" అంటూ పసుపు కోసం పరుగెత్తింది.

"పొగరెక్కి పొడుచుకుంటున్నాయమ్మా. కానుకకి పామర్రు సంతలో ఇంకోటి కొనిద్దాంలే."

"దేవుడికి అనుకున్నదాన్ని మారుస్తార్రా ఎవరైనా? పొగరు వాటికి కాదు, నీకు! అయిదు పట్టే బోనులో పదకొండింటిని కుక్కావు. రెక్క విదల్చడానికి లేదు. మొన్న బస్సులో ఎవరో కాలు తొక్కితే ఊరంతా వినబడేలా అరిచావే! అవి నెల్లాళ్ళుగా రోజూ తొక్కించుకుంటున్నాయి."

"కోళ్ళకి బెడ్‌రూములు కట్టమంటావా ఏంటి? కారు రోడ్డు మీద పెట్టుకోనా?"

కారు! ఆ మాటతో ఆమె కోపం నషాళానికి అంటింది. ఆ కారు షెడ్డు కోసమే కదా డేనియల్ కట్టిన పెద్ద గూడు కూల్చి, సిమెంటు పోయించాడు!

రోజూ సాయంత్రం ఒక్కొక్క కోడినీ పట్టి బోనులోకి తోసేది సంపూర్ణమ్మే. ఆ రోజు మాత్రం అరుగు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయింది. పొద్దుగూకేసరికి కోళ్ళు తమ పాత గూడు ఉండే చోటికే నడిచాయి. అక్కడున్న కారెక్కి వరుసగా కూర్చున్నాయి.

స్కూల్లో పాఠాలు చెప్పి బస్సు దిగి వచ్చిన యేసుకుమార్ అది చూసి కర్ర తీశాడు. "కొత్త కారమ్మా! రెట్టలేసి పాడుచేస్తున్నాయి, నీకు కనబడట్లేదా?"

"కర్ర కింద పడెయ్!" సంపూర్ణమ్మ లేచి నిలబడింది. "అప్పట్లో మనకున్నది ఒక్క గది. నీ చదువుబల్లకి చోటు కావాలని మీ నాన్న పదకొండేళ్ళు ఇక్కడే, గూటి పక్కన నులకమంచం మీద పడుకున్నాడు. వానొస్తే ఆ గూటి చూరు కిందే తడుస్తూ నిలబడేవాడు. నాకు చోటు లేదన్న మాట ఆ మనిషి నోట ఒక్కసారీ రాలేదురా! ఆయన వాటికిచ్చిన చోటు నువ్వు లాక్కున్నావు. నేను మాత్రం వట్టి చేతుల్తో గుడికి రాను. కానుక ఎందుకు లేదో పాస్టరు అయ్యగారికి నువ్వే చెప్పుకో!"

యేసుకుమార్ కర్ర వదిలేసి, కోళ్ళని కదపకుండా లోపలికి వెళ్ళాడు.

ఆదివారం అతను నిజంగానే గుడిలో అందరి ముందూ లేచి నిలబడ్డాడట. "మా కోడికి చోటివ్వలేదు, తప్పు నాది" అని చెప్పాడట. హెప్సిబా వచ్చి ఆ మాట చెబుతుంటే సంపూర్ణమ్మ మొహం తిప్పుకుంది. కోపం ఇంకా తగ్గలేదు మరి.

పెరట్లో కారు స్టార్టయిన చప్పుడు వినబడింది. అది వెళ్ళి రోడ్డు పక్కన ఆగింది. కాసేపటికి గునపం దెబ్బలు మొదలయ్యాయి. ఆమె ఉండబట్టలేక వెళ్ళి చూసింది. కొడుకు గుడిబట్టలు విప్పేసి, లుంగీ ఎగగట్టి సిమెంటు పగలగొడుతున్నాడు.

"అమ్మా," అన్నాడు తలెత్తకుండానే, "నాన్న గుడ్ల పెట్టె ఎంత ఎత్తులో కట్టాడు?"

అంతవరకూ బిగబట్టుకున్న సంపూర్ణమ్మకి ఏడుపు ఆగలేదు.

"చిన్నప్పుడు నువ్వు మునివేళ్ళ మీద నిలబడితే నీ చేతికందేంత ఎత్తులో, నాయనా."